తీర్థం తిండి కాదనుకున్న రోజు

మా చిన్నపాప ఊపిరిలో ఏదో తేడా ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది గోడకవతల ఉండే మెకానిక్ గారి భార్య. ఎనభై ఎనిమిదో సంవత్సరం అది. నరసరావుపేటలో లారీలు ఆగే వీధిలో మా ఇల్లు. మా పెరడూ వాళ్ళ పెరడూ కలిసే చోట గోడ ఛాతీ ఎత్తు ఉండేది. ఇటు నేను బట్టలు ఆరేస్తుంటే అటు ఆమె పీట వేసుకుని నిలబడి మాట్లాడేది. ముస్లిముల ఇంటి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. వాళ్ళ చెల్లెళ్ళు పిలిచినట్టే నేనూ ఆమెను ఆపా అనేదాన్ని.

"అమ్మాయ్, ఒక మాట చెప్తా. కోపం చేయమాక," అంది ఆ రోజు.

"చెప్పు ఆపా."

"మీ పాప గోడ పక్కన పడుకోనుంటే, పొద్దున మా ఆయన పానా కింద పెట్టి ఆ ఊపిరి వింటా కూర్చున్నాడు. ఇది జలుబు కాదంటన్నాడు."

"మరేందంట?"

"ఇంజను బాగానే ఉందంట. గాలి పోయే గొట్టాన్ని ఏదో బిగించి పట్టుకుందంట. ఆయనకి బళ్ళ సంగతి తప్ప ఏం తెలవదు, నిజమే. చెవులు మాత్రం మంచియ్యి."

నేను నవ్వాను. "మా పాపేమన్నా లారీనా ఆపా?"

"లారీ అయితే ఈపాటికి విప్పి చూసేవాడే. మనిషిని విప్పకుండా చూసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారేమో కనుక్కోండి. ఆలస్యం చేయమాకండి," అంది. ఆమె నవ్వలేదు.

ఆ పాప నా కడుపున పుట్టింది కాదు. మా తోటికోడలి బిడ్డ. అప్పటికి పద్నాలుగు నెలలు. పుట్టిన నెల నుంచీ ఊపిరి తీస్తే గొంతులో గురగురమనేది. పాలు ఆగి ఆగి తాగేది. మెత్తగా పిసికిన అన్నం ముద్ద పెడితే మాత్రం గుటక పడక, మెడ వెనక్కి వాల్చి నీలంగా అయిపోయేది. మా ఊరి డాక్టరు ఇచ్చిన దగ్గు మందు సీసాలు గూట్లో వరసగా చేరాయి. మా తోటికోడలు నూజెండ్ల దగ్గర పల్లెటూరి పిల్ల. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. మాటలో కరుకు, మనసులో ఏమీ ఉంచుకోనట్టు కనిపించే మనిషి. అట్లా కనిపించేదే గానీ ఎంత ఉంచుకోగలదో నాకు తర్వాత తెలిసింది.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా తాతగారు అరుగు మీద ఇసుక పోసి అక్షరాలు దిద్దించారు, పద్యాలు కంఠతా పట్టించారు, పూజ చేసే పద్ధతి నేర్పారు. ఆ భిక్ష ఆయనది, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన దయ. అత్తవారింట్లో దేవుడికి సంబంధించిన ఏ మాటైనా నా దగ్గరకే వచ్చేది. ఉపవాసం ఎప్పుడు, ఎవరు ఏ మొక్కు చెల్లించాలి, కోటప్పకొండకు ఏ సోమవారం పోవాలి, అన్నీ నేనే చెప్పేదాన్ని. అయిదేళ్ళ వయసులో తాతగారు చెప్పిన మాట ఒకటి నా ఎముకల్లో ఉంది. ఉపవాసం ఉన్న రోజున తీర్థం పుచ్చుకుంటే ఉపవాసం చెడదు. తీర్థం తిండి కాదు. ప్రసాదం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే తిన్నట్టు లెక్క కాదు. ఇది నేను ఒకరి దగ్గర విన్న సంగతిగా కాక, నిప్పు కాలుతుందన్నంత సహజంగా నమ్మాను.

ఆపా మాట నేను మా ఇంటాయనకు చెప్పాను. ఆయన ఎరువుల కొట్టు వదిలి కదిలే మనిషి కాదు. తమ్ముణ్ణి పిలిచి, "పాపను గుంటూరు తీసకపో, మీ వదిన్ని కూడా తీసకపో, ఆమెకి చదవటం వచ్చు," అన్నారు. గుంటూరులో ఎక్స్‌రే తీశారు. సున్నపు నీళ్ళలాంటి తెల్లటి మందు తాగించి, అది గొంతులోంచి దిగేటప్పుడు ఇంకో బొమ్మ తీశారు. ఆ బొమ్మలో తెల్లటి గీత తిన్నగా రాకుండా మధ్యలో రెండు పక్కలా నొక్కుకుపోయి ఉంది. డాక్టరుగారు మంచాయన. మా మరిదికి చెప్తున్నట్టే చెప్తూ మా తోటికోడలి వైపు చూసి మాట్లాడారు.

"పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఇదొక రకం అనుకుంటున్నానమ్మా. గుండెలో చిల్లు కాదు. గుండెలోంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఒకటిగా పోవాల్సింది రెండుగా చీలి, గాలిగొట్టాన్నీ అన్నం పోయే గొట్టాన్నీ కలిపి చుట్టేసిందేమో. ఎక్స్‌రేలో అది తేలదు. మద్రాసులో సీటీ స్కాను మిషను ఉంది. చేతి నరంలోకి మందు ఎక్కించి తీస్తే రక్తనాళాలు వెలుగుతాయి. ఛాతీని పొరలు పొరలుగా చూపిస్తుంది."

అరటి దూటను చక్రాలుగా తరిగితే లోపలి వలయాలు కనిపిస్తాయి. అట్లాంటిదన్న మాట అనుకున్నాను.

"పెద్దయితే తగ్గదా సారూ?" అని అడిగింది మా తోటికోడలు.

"పాప పెరిగేకొద్దీ గొట్టం చాలదమ్మా. ఒక గట్టి జలుబు చేస్తే చాలు," అని ఆపేశారు ఆయన.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు, "గుండె జబ్బేంది నా తలకాయ! మా వంశంలో ఎవరికుంది?" అని కోడలి వైపు చూసింది. అప్పటికే ఆ చూపు మొదలైంది.

తెనాలిలో రైలు మారి ముగ్గురం పాపను తీసుకుని మద్రాసు చేరాం. మా మరిది, తోటికోడలు, నేను. ఆసుపత్రికి దగ్గర్లో మనవాళ్ళు దిగే సత్రం ఒకటి ఉంటే అందులో గది దొరికింది. మిషను ఒక్కటే. ఎక్కడెక్కడి వాళ్ళో దాని కోసం కాచుకుని ఉన్నారు. మాకు సోమవారం పది గంటలకు ఇచ్చారు. అక్కడ నెల్లూరు వైపు నర్సమ్మ ఒకామె ఉండేది. తెలుగులో మాకు విడమరిచి చెప్పింది.

"నిద్రమందు ఇచ్చి తీస్తారు. బిడ్డ కదిలితే బొమ్మ చెడిపోద్ది. తెల్లారి నాలుగు దాటినాక కడుపులో ఏం పడకూడదు. పాలు గూడా ఇయ్యబాకండి. కడుపులో ఏదన్నా ఉంటే నిద్రలో కక్కుకుంటది, అది ఊపిరితిత్తుల్లోకి పోద్ది. తెలిసిందా?"

తెలిసింది అన్నాం. మా తోటికోడలు ఇంకా పాలిస్తోంది. నాలుగు కాకముందే ఒకసారి పట్టింది. అయిదున్నర అయ్యేసరికి పాప మళ్ళీ ఏడుపు లంకించుకుంది. ఏడ్చే కొద్దీ గురగుర ఎక్కువైంది, పక్కటెముకలు లోపలికి పీక్కుపోతున్నాయి. తల్లి రొమ్ము తడుముకుంటోంది.

"అక్కా, నువ్వెత్తుకోని బయటికి పో," అంది మా తోటికోడలు. "నా దగ్గరుంటే పాల వాసనకి ఇంకా ఏడుస్తది. నా మీద నాకే నమ్మకం లేదు. ఎక్కడన్నా తిప్పకరా, వేళైనప్పుడు నేరుగా ఆసుపత్రికాడికి వస్తాం."

నమ్మకం లేదన్న మాట తనంతట తనే అన్నది. ఆ మాటే తర్వాత ఆమె మెడకు చుట్టుకుంది.

సోమవారం కదా. నేను తలస్నానం చేసి పాపను భుజాన వేసుకుని వెనక వీధిలో శివాలయానికి పోయాను. అభిషేకం జరుగుతోంది. పూజారిగారు బిడ్డను చూసి, నా చేతిలో గిన్నె నిండా పంచామృతం పోశారు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. నేను మూడుసార్లు పుచ్చుకున్నాను. పాప పెదాలకు మూడు ఉద్ధరిణెలు అందించాను. కోటప్పకొండ స్వామిని తలుచుకున్నాను, ఈ ఊళ్ళో ఈ పేరుతో ఉన్నావు, నువ్వే కదా అనుకున్నాను. అక్కడికి ఆగి ఉంటే నా కథ వేరుగా ఉండేది. పాప నోరు తెరిచి గిన్నె పట్టుకుంది. గుక్క పట్టి ఏడవబోయింది. నేను మిగిలినదంతా పోశాను. అర గ్లాసుకు తక్కువ ఉండదు.

ఎన్నేళ్ళు గడిచినా నేను తప్పించుకోలేనిది ఇది. మొదటి మూడు చుక్కలు భక్తితో ఇచ్చాను, ఏ దేవుడి ముందైనా ఏ డాక్టరు ముందైనా ఆ మాట చెప్పుకోగలను. తర్వాత పోసింది భక్తి కాదు. ఏడుపు ఆపడానికి పోశాను. పోస్తూ, తీర్థమే కదా, తిండి కాదు కదా అని తాతగారి మాటను అడ్డం పెట్టుకున్నాను.

పాప నా భుజం మీద నిద్రపోయింది. ఆసుపత్రి వరండాలో మా తోటికోడలు ఎదురొచ్చి చూసి, "ఎట్టా ఊరుకోబెట్టావక్కా? నీ చెయ్యి చల్లనిది," అంది. నేను చిన్నగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు మండుతాయి.

నర్సమ్మ వచ్చి అడిగింది. "ఏమన్నా పెట్టారా?"

"తెల్లవారకముందు పాలు తాగిందండీ. తర్వాత ఏమీ లేదు," అన్నాను నేను.

"నీళ్ళు గూడా?"

"నీళ్ళు కూడా లేదండీ."

నీళ్ళు ఇవ్వలేదు, నిజమే. నేను అబద్ధం చెప్పలేదని ఆ క్షణాన పూర్తిగా నమ్మాను.

తలుపు అవతల ఏం జరిగిందో మేము కళ్ళతో చూడలేదు. మందు ఎక్కించాక బల్ల లోపలికి పోతుండగా పాప నిద్రలోనే కక్కుకుందట. అసలే ఇరుకు గొట్టం. కక్కింది లోపలికి పోయి ఊపిరి ఆగిపోయింది. లోపల పరుగులు, అరవంలో కేకలు వినిపించాయి. గొట్టం వేసి లాగి, గాలి ఊది, బతికించారు. వాళ్ళందరికీ నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను. బయటికి తెచ్చేటప్పుడు పాప పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. మా తోటికోడలు ఉరికి, పాప గదవ మీద కారినది తన కొంగుతో తుడిచింది. వెంటనే నర్సమ్మ పక్కకు నెట్టి బండిని తోసుకుపోయింది.

డాక్టరు వెనకే వచ్చాడు. అరవంలో, ఇంగ్లీషులో మండిపడ్డాడు. తర్వాత వచ్చిన నర్సమ్మ తెలుగులో అడిగింది. "కక్కింది పాలు. ఎవరిచ్చారు? బిడ్డను చంపుకోవాలనుకున్నారా?"

పంచామృతం కడుపులోంచి వస్తే చూసేవాళ్ళకు పాల మాదిరే ఉంటుంది.

ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపించలేదు. చూపించాల్సిన పనేముంది? పాలిచ్చే తల్లి అక్కడే నిలబడి ఉంది. అప్పటికి ఆరేడు గంటలుగా బిడ్డకు పట్టకపోవడంతో ఆమె జాకెట్టు ముందంతా తడిసిపోయి ఉంది. మా మరిది ఆ తడి వంక చూశాడు.

"ఇచ్చావంటే?" అన్నాడు.

"నేనియ్యలేదు."

"పొద్దున్నే అన్నావుగా, నా మీద నాకే నమ్మకం లేదని. నేను చీటీ కోసం ముందొచ్చినాక, వదిన గుడిలో దణ్ణం పెట్టుకుంటంటే ఎనకమాల పోయి ఇచ్చావా? కాసేపు ఓర్చుకోలేకపోయావా? నీ చేత్తో నువ్వే..."

"నేనియ్యలేదయ్యా."

ఆ తడి ఆమె ఇవ్వలేదనడానికే సాక్ష్యం. బిడ్డకు పడితే రొమ్ము ఖాళీ అవుతుంది, అట్లా పొంగి కారదు. ఆ సంగతి మొగవాడికి తెలియదు. అక్కడున్న వాళ్ళల్లో ఇద్దరు పిల్లలకు పాలిచ్చి పెంచినదాన్ని నేనే. ఆ సాక్ష్యం చదవగలిగింది నేను ఒక్కదాన్నే. అసలు దోషినీ నేనే. నేను కింద గచ్చు మీద నల్లచుక్కలు చూస్తూ నిలబడ్డాను.

మా తోటికోడలు ఒకసారి కొంగును ముక్కు దగ్గర పెట్టుకుంది, ఏడుస్తోందనుకున్నాను. తల ఎత్తి నా వైపు చూసింది. తర్వాత మళ్ళీ "నేనియ్యలేదు" అనలేదు.

పాపకు నిమోనియా చేసింది. వార్డులో పెట్టారు. మళ్ళీ స్కానుకు పదకొండు రోజుల తర్వాత చోటు దొరికింది. ఈలోపు ఏమైనా కావచ్చని దాచకుండా చెప్పారు. బొమ్మ లేనిదే కత్తి పెట్టలేమన్నారు. ఆ పాప ప్రాణమంతా ఆ పదకొండు రోజుల మీద నిలబడి ఉంది.

వార్డులో బిడ్డ దగ్గర ఒక్క ఆడమనిషినే ఉండనిస్తారు. నర్సమ్మ మా మరిదిని అడిగింది. "ఎవరుంటారు? ఈసారి చెప్పిన మాట వినే మనిషి కావాల."

"మా వదిన ఉంటది," అన్నాడు. "ఆమె నియమం తప్పే మనిషి కాదు."

నేను నోరు తెరవలేదు. చెబుదామనుకున్నాను. పాపకు కాస్త తెరిపి ఇచ్చాక చెబుదామనుకున్నాను. ఇప్పుడు చెబితే గొడవవుతుంది అనుకున్నాను. దేవుడికి చెప్పుకున్నాను, ఆయనకు చెప్పుకోవడానికి ధైర్యం అక్కర్లేదు కదా.

పదకొండు రోజులు కన్నతల్లి వార్డు బయట మెట్ల మీద కూర్చుంది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట లోపలికి రానిచ్చేవాళ్ళు, అదీ నర్సు కళ్ళెదుట. మిగతా వేళల్లో పాలు పొంగితే మొగం కడుక్కునే తొట్టి దగ్గరకు పోయి పిండి పారబోసుకునేది. బిడ్డకేమో నేను ముక్కులో వేసిన సన్న గొట్టంలోంచి డబ్బా పాలు పోసేదాన్ని. ఒక పూట తలుపు దగ్గరకు వచ్చి నన్ను పిలిచింది.

"అక్కా, ఎట్టా పడుకోబెడతన్నావు?"

"వెల్లకిలా."

"అట్టా కాదు. ఎడం పక్కకి తిప్పు. భుజాల కింద తువ్వాలు మడిచి పెట్టు, మెడ ఎనక్కి వాలాల. దాని తలకాయ ముందుకి వంచితే ఊపిరి ఆడదు. నా బిడ్డ సంగతి నాకు తెలుసు."

అట్లాగే చేశాను. పక్కటెముకలు పీక్కుపోవడం తగ్గింది. సాయంత్రం డాక్టరు వచ్చి చూసి, ఎవరు ఇట్లా పడుకోబెట్టారని అడిగితే నర్సమ్మ నన్ను చూపించింది. "గుడ్," అన్నాడాయన. అది కూడా నేనే పుచ్చుకున్నాను.

రెండోసారి స్కాను రోజు పొద్దున నర్సమ్మ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. పాలు? నీళ్ళు? లేదు, లేదు అన్నాను. అక్కడితో ఆగలేకపోయాను.

"పోయినసారి కూడా మీరు ఇట్లాగే అడిగారు. ఆ రోజు పెట్టింది నేనేనమ్మా. గుళ్ళో పంచామృతం. తీర్థం కదా, తిండి కాదనుకున్నా. వాళ్ళమ్మ ఇవ్వలేదు."

ఆమె చేతిలో కాగితం అట్లాగే ఉండిపోయింది. మెడలో శిలువ ఉన్న మనిషి. నా దేవుణ్ణి ఏమన్నా అంటుందేమో అనుకున్నాను.

"మా ఇంట్లో గూడా ఉండాయమ్మా ఇట్టాంటి లెక్కలు," అంది నెమ్మదిగా. "నేను అడిగింది దేవుడి సంగతి కాదు, కడుపు సంగతి. సరే, అది తెలీక చేశావు. ఈ పదకొండు దినాలు తెలిసే గదా ఊరుకున్నావు? నాకు చెప్తే ఏమొస్తది? మెట్ల మీద కూర్చోనుందే, ఆమెకు పోయి చెప్పు."

చెప్తాను అన్నాను. అంతలో తలుపు తెరిచారు, పాపను తీసుకుపోయారు. నేను మెట్ల దగ్గరకు పోలేదు. పోయి ఆమె పక్కన కూర్చున్నా సరిపోయేది. స్కాను గది ముందు నిలబడి శివనామం చేసుకుంటూ ఉన్నాను. నామం ఆ రోజు నాకు దాక్కోవడానికి చాటుగా పనికొచ్చింది.

ఈసారి బొమ్మ వచ్చింది. డాక్టరు మమ్మల్ని పిలిచి, పెద్ద ఫిల్మును దీపం వెలుగుకు పెట్టాడు. వరసలు వరసలుగా గుండ్రటి ముక్కలు. "తల్లి ఎక్కడ?" అని అడిగి మరీ పిలిపించాడు. ఒక ముక్క మీద పెన్సిలు పెట్టాడు. మధ్యలో నల్లటి చిన్న సున్న, అది గాలిగొట్టం. దాని చుట్టూ తెల్లగా మెరుస్తూ ఒక ఉంగరం. గుండె నుంచి బయలుదేరిన రక్తనాళం చీలి, చుట్టి, వెనక మళ్ళీ కలిసింది. మా వీధి మెకానిక్ చెవులతో విన్నది ఇక్కడ కళ్ళకు కనిపించింది. గుంటూరు డాక్టరు అనుమానపడిందీ అదే.

మా తోటికోడలు ఆ ఉంగరాన్ని చూసింది. "దీన్ని విప్పొచ్చా సారూ?" అని అడిగింది.

నర్సమ్మ అరవంలో చెప్పింది. డాక్టరు మొదటిసారి నవ్వాడు. రెండు పాయల్లో సన్నపాయను కట్టేసి కోస్తే ఉంగరం తెగిపోతుందట. లావుపాయ ఒక్కటే ఒంటికంతా చాలునట. ఏ వైపు పాయ సన్నదో ఈ బొమ్మలో తెలిసింది కాబట్టి ఏ వైపు నుంచి తెరవాలో తెలిసిందన్నాడు.

వారం తిరక్కముందే ఆపరేషను చేశారు. పాప బతికింది. గురగుర వెంటనే పోలేదు, నొక్కుకుపోయిన గొట్టం గట్టిపడటానికి నెలలు పట్టింది. కానీ ముద్ద దిగింది. పప్పన్నం మింగి ఇంకా అని నోరు తెరిచిన పూట మా ఇంట్లో అందరం ఏడ్చాం. ఆపా గోడ మీదుగా చెయ్యి చాపి పాప బుగ్గ పట్టుకుంది. వాళ్ళాయన షెడ్డులోంచి, "ఇంక ఊపిరి వినాల్సిన పనిలేదు. అరుపులే వినాల," అని నవ్వాడు. ఆయన చెవులకూ, ఆ మిషనుకూ, కత్తి పట్టిన చేతులకూ, ఆ నర్సమ్మకూ నేను రోజూ దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను.

అయితే మా ఇంట్లో కథ వేరే రకంగా స్థిరపడింది. "తల్లి ఓర్చుకోలేక పాలిచ్చి ప్రాణం మీదికి తెచ్చింది, పెద్దకోడలు పూజలే కాపాడినయ్యి," అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. శివరాత్రికి కోటప్పకొండ పోతే దణ్ణం పెట్టడానికి నన్ను ముందు నిలబెట్టింది. నేను నిలబడ్డాను.

ఆ తిరణాల నుంచి వచ్చిన మర్నాడు, బట్టలు ఉతుకుతూ మా తోటికోడలు తల ఎత్తకుండానే అంది. "ఆ రోజు పాప మూతి నా కొంగుతో తుడిచా గదక్కా. అది పాల వాసన కాదు. తేనె వాసన."

నేను చెంబు కింద పెట్టాను. "తెలిసీ ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏమయ్యేది? నిన్నూ నమ్మేవాళ్ళు కాదు, నన్నూ నమ్మేవాళ్ళు కాదు. ఇద్దర్నీ మెట్ల మీద కూర్చోబెట్టేవాళ్ళు. నా బిడ్డ కాడ మనోళ్ళు ఒకళ్ళన్నా ఉండాల గదా. నువ్వు మళ్ళీ అట్టా చెయ్యవని నాకు తెలుసు, నీ మొకం చూస్తే తెలిసింది. అందుకని ఊరుకున్నా."

నేను ఆమె చేతులు పట్టుకోబోయాను. సబ్బు నురగ చేతులు వెనక్కి తీసుకుంది.

"ఇదంతా నీకోసం చేశాననుకోమాక. నా బిడ్డ కోసం చేశా. నీ సంగతి నువ్వు చూసుకో."

నా సంగతి నేను చూసుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ పాప మందు సీసాలు నా బీరువాలోనే ఉన్నాయి. పాపకు జ్వరం వస్తే మా మరిది భార్యను దాటుకుని నా దగ్గరకు వచ్చి, "వదినా, మందు నువ్వు పొయ్యి," అనేవాడు. ఆమె గుమ్మంలో నిలబడి నేను పోసేది చూసేది. ఎన్ని చెంచాలో పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకునేది. ఒక వానాకాలం పూట అట్లా చూస్తుండగా నా వల్ల కాలేదు. మా అత్తగారి ముందు, మా ఇంటాయన ముందు, మా మరిది ముందు ఉన్నదున్నట్టు చెప్పాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. మా అత్తగారు, "స్వామి తీర్థం వల్ల చెడు ఎట్టా జరుగుద్దిలే, పాలు గూడా ఇచ్చే ఉంటది," అంది. మా మరిది, "ఎప్పటి సంగతో గదా వదినా. అయిపోయిందేదో అయిపోయింది," అన్నాడు. అతనికి నిజంగానే అయిపోయింది. అంత తేలిగ్గా పోయే మాటను నేను నాలుగేళ్ళు మోశానని కాదు నా సిగ్గు. అంత తేలిగ్గా వాళ్ళు మోపిన మాటను ఆమె ఒక్కతే మోసిందని. సీసాలు తీసుకుపోయి ఆమె గదిలో పెట్టాను. "ఇప్పుడెందుకక్కా? అదే పోసుకోని తాగుద్ది," అంది.

తీర్థాన్ని నేను తప్పు పట్టను. ఇప్పటికీ పుచ్చుకుంటాను. ఎవరికైనా స్కాను అని తెలిస్తే మాత్రం, కడుపులో పడేది ఏదైనా కడుపుకు తిండేనని, దేవుడి గిన్నెలోదైనా సరేనని, అడక్కపోయినా వెళ్ళి చెప్పి వస్తాను.

ఆ పాప ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. దేవుడి దయ. మా తోటికోడలు మాత్రం మూడేళ్ళ కిందట వెళ్ళిపోయింది. పదకొండో రోజున భోజనాల దగ్గర ఎవరో బంధువు, పోయిన మనిషి మీద ప్రేమతోనే, "పాపం, పిల్ల ఏడిస్తే ఓర్చుకునేది కాదు. మద్రాసులో పాలిచ్చి ఎంత పని చేసిందో గుర్తుందా?" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వుతూ తలలూపారు. నేను లేచి నిలబడి కాదని చెప్పాను. విస్తళ్ళ చప్పుడులో నలుగురికి వినిపించి ఉంటుంది.

అందుకే రాస్తున్నాను. ఇది చదివినవాళ్ళు నన్ను ఎట్లా తలుచుకున్నా ఫరవాలేదు, మరిచిపోయినా ఫరవాలేదు. ఆమెను ఒకసారి తలుచుకోండి. బిడ్డ ఆకలితో ఏడుస్తుంటే, రొమ్ము పొంగుతుంటే, ఆ తల్లి పాలు ఇవ్వలేదు. డాక్టరు చెప్పిన మాట మా అందరిలో నిలబెట్టింది ఆమె ఒక్కతే.